తొలి 72 గంటల సెప్సిస్: నెలలు నిండని బిడ్డ రక్తంలోకి క్రిమి ఎక్కడి నుంచి వస్తుంది?

28 వారాలకే పుట్టి, కిలో కూడా తూగని బిడ్డకు నవజాత శిశువుల ఐసీయూ (ఎన్‌ఐసీయూ)లో చేరిన గంటలోపే యాంటీబయాటిక్ మొదలుపెట్టడం చాలా దేశాల్లో మామూలే. అమెరికాలో 2009 నుంచి 2015 దాకా 297 ఎన్‌ఐసీయూల రికార్డులు తీసి చూస్తే, 1500 గ్రాముల లోపు బిడ్డల్లో 78.6 శాతం మందికి, కిలో లోపు వాళ్లలో 87 శాతం మందికి మొదటి మూడు రోజుల్లోనే ఈ మందులు పడ్డాయి. అదే దేశంలో 2018, 2019లో పుట్టిన 84 వేల పైచిలుకు అతి చిన్న బిడ్డల వివరాలు చూస్తే, ఆ మూడు రోజుల్లో రక్తంలోనో వెన్నునీటిలోనో నిజంగా బ్యాక్టీరియా దొరికింది వెయ్యికి 13, 14 మందిలోనే. ఒక్క బిడ్డకు తగిలిన జబ్బు కోసం సుమారు యాభై మందికి పైగా మందు తీసుకున్నట్టు లెక్క.

అలాగని డాక్టర్లది వట్టి భయం కాదు. బ్యాక్టీరియా దొరికిన ఆ కొద్దిమందిలో బతికి బయటపడింది 67.5 శాతమే. మిగతా వాళ్లలో 90.4 శాతం బతికారు. మందు ఆలస్యమైతే ప్రాణం పోతుంది, అవసరం లేకుండా ఇస్తే వేరే రకంగా హాని చేస్తుంది. మరి ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఆపాలి? దీనికి జవాబు బిడ్డను చూస్తేనే దొరకదు. క్రిమి ఏ దారిలో వచ్చి ఉండొచ్చు అన్నది ముందు తేల్చుకోవాలి.

పుట్టిన 72 గంటల్లోపు రక్తంలో గానీ వెన్నునీటిలో గానీ జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పెరిగితే దాన్ని తొలిదశ సెప్సిస్ అంటారు. ఆ తర్వాత వస్తే మలిదశ. ఈ గీత వెనుక ఒక ఊహ ఉంది. మూడు రోజుల్లోపు వచ్చిందంటే అది తల్లి నుంచి వచ్చింది, తర్వాత వచ్చిందంటే ఆస్పత్రి నుంచి వచ్చింది అని. పాశ్చాత్య దేశాల్లో ఈ ఊహ చాలావరకు నిలుస్తుంది. మన దగ్గర నిలవదు. ఎందుకో ముందు ముందు చూద్దాం.

తల్లి నుంచి వచ్చే దారి ఇదీ. యోనిలో, మలద్వారం చుట్టూ మామూలుగా ఉండే బ్యాక్టీరియా గర్భాశయ ముఖద్వారం దాటి పైకి పాకుతుంది. ఉమ్మనీరు పోయి ఉంటే దారి సుగమం. పోకపోయినా పొరల గుండా లోపలికి చేరగలదు. ఉమ్మనీటిలో పెరిగాక, ఆ నీటిని మింగుతూ, ఊపిరితిత్తుల్లోకి తీసుకుంటూ ఉండే బిడ్డకు సోకుతుంది. ఈలోగా ఆ ఇన్ఫెక్షన్‌కు పొరలూ గర్భాశయమూ స్పందించి నొప్పులు రప్పించే ప్రోస్టాగ్లాండిన్లను విడుదల చేస్తాయి, నొప్పులు మొదలవుతాయి. ఇక్కడే చాలామంది తలకిందులుగా అనుకునే విషయం ఉంది. నెలలు నిండకుండా పుట్టింది కాబట్టి ఇన్ఫెక్షన్ వచ్చిందని అనుకుంటారు. చాలా కేసుల్లో ఇన్ఫెక్షన్ వచ్చింది కాబట్టే బిడ్డ ముందుగా పుట్టింది. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఈ దారికి ముఖ్యమైన మినహాయింపు. అది తల్లి రక్తంలో ప్రయాణించి మాయ దాటి వస్తుంది.

కాబట్టి 28 వారాల బిడ్డలిద్దరూ ఒకటి కాదు. ఒక తల్లికి బీపీ అదుపు తప్పింది. నొప్పులు లేవు, మందులతో రప్పించే ప్రయత్నమూ చేయలేదు, ఉమ్మనీటి సంచి ఆపరేషన్ బల్ల మీదే పగిలింది, సిజేరియన్‌తో బిడ్డను తీశారు. ఈ బిడ్డకు తల్లి నుంచి బ్యాక్టీరియా అందే అవకాశం చాలా తక్కువ. ఇంకో తల్లికి నాలుగు రోజులుగా ఉమ్మనీరు కారుతోంది, జ్వరం, తర్వాత నొప్పులు, మామూలు కాన్పు. ఈ బిడ్డ బాగానే ఉన్నట్టు కనిపించినా కల్చర్‌కు (క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్షకు) రక్తం తీసి మందు పెట్టాల్సిందే. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2018లో 35 వారాల లోపు బిడ్డలకు ఇచ్చిన మార్గదర్శకాల సారం ఇదే: కాన్పు ఎందుకు, ఎలా జరిగిందో చూడండి. మొదటి రకం బిడ్డ నిలకడగా ఉంటే యాంటీబయాటిక్ లేకుండా కనిపెట్టుకుని ఉండొచ్చు. బిడ్డకు జబ్బు ఉండే అవకాశాన్ని లెక్కగట్టే, ఆన్‌లైన్‌లో దొరికే సెప్సిస్ కాలిక్యులేటర్ ఇక్కడ పనికిరాదు. అది 34 వారాలు నిండిన బిడ్డల లెక్కలతో తయారైంది.

తల్లి గర్భంలో ఇన్ఫెక్షన్ ఉందని చెప్పే గుర్తులు కొన్నే. ఒక్కసారైనా 39 డిగ్రీల సెల్సియస్ జ్వరం. లేదా 38 నుంచి 38.9 మధ్య జ్వరంతోపాటు తెల్లకణాలు పెరగడం, గర్భాశయ ముఖద్వారం నుంచి చీము, బిడ్డ గుండె నిమిషానికి 160కి మించి కొట్టుకోవడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి. ఇలా ఉంటే కేస్ షీట్‌లో రాసి పిల్లల డాక్టర్‌కు పంపాలి. ప్రసూతి వార్డు నుంచి ఎన్‌ఐసీయూకి బిడ్డ చేరేటప్పుడు తరచూ జారిపోయేది ఈ కాగితమే. ఉమ్మనీరు ఎప్పుడు పోయింది, తల్లికి ఏ యాంటీబయాటిక్ ఎన్ని గంటల ముందు పడింది అన్న రెండు వివరాలు లేకపోతే పిల్లల డాక్టర్ గుడ్డిగా మందు మొదలుపెట్టక తప్పదు.

ఇంత చిన్న బిడ్డ రక్షణ వ్యవస్థ గురించి క్లుప్తంగా. తల్లి నుంచి ఐజీజీ యాంటీబాడీలు ఎక్కువగా అందేది చివరి మూడు నెలల్లో. 28 వారాలకు పుట్టిన బిడ్డకు ఆ వాటాలో చాలాభాగం అందదు. చర్మం పైపొర ఇంకా పూర్తిగా తయారవదు. ఎముక మజ్జలో క్రిములను మింగే తెల్లకణాలు, న్యూట్రోఫిల్స్ నిల్వ తక్కువ, ఇన్ఫెక్షన్ వస్తే త్వరగా అయిపోతాయి.

ఇక మన దేశం సంగతి. ఢిల్లీలో మూడు పెద్ద ఆస్పత్రుల్లో 2011 నుంచి 2014 దాకా జరిగిన పరిశీలన 2016లో వెలువడింది. 88,636 కాన్పుల్లోంచి ఐసీయూలో చేరిన 13,530 మంది శిశువులను గమనించారు. 14.3 శాతం మందిలో సెప్సిస్, 6.2 శాతం మందిలో కల్చర్‌తో రుజువైన సెప్సిస్. మొత్తం కేసుల్లో దాదాపు మూడింట రెండు వంతులు తొలి 72 గంటల్లోనే వచ్చాయి. అమెరికాలో తొలిదశ సెప్సిస్‌కు ప్రధాన కారణాలు ఈ.కోలై, గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్. ఢిల్లీలో మొదటి స్థానం అసినెటోబ్యాక్టర్‌ది, 22 శాతం. తర్వాత క్లెబ్సియెల్లా 17, ఈ.కోలై 14. ఆ అసినెటోబ్యాక్టర్‌లో 82 శాతం, క్లెబ్సియెల్లాలో 54 శాతం అనేక మందులకు లొంగనివి. ఇది ఢిల్లీకే పరిమితం కాదు. 2018-2020 మధ్య 11 దేశాల్లో 19 ఆస్పత్రుల శిశువుల రక్తంలో ఎక్కువగా దొరికిందీ క్లెబ్సియెల్లానే.

అసినెటోబ్యాక్టర్ ప్రధానంగా ఆస్పత్రి క్రిమి. పొడి ఉపరితలాల మీద వారాల తరబడి బతుకుతుంది. మూడు రోజుల్లోపు బిడ్డ రక్తంలో అది కనిపించిందంటే, తల్లి శరీరం కంటే ముందు లేబర్ రూమ్‌నూ, బిడ్డకు ఊపిరి అందించిన బల్లనూ, ఎన్‌ఐసీయూనూ అనుమానించాలి. ఆస్పత్రిలో రోజుల తరబడి ఉన్న తల్లి కూడా ఈ మొండి క్రిములను మోస్తూ ఉండొచ్చు, నిజమే. కానీ ఆ మాట చాటున పరికరాల శుభ్రతను పక్కన పెట్టేయడం సరికాదు. మన దగ్గర 72 గంటల గీత కాలాన్ని చెబుతుంది గానీ మూలాన్ని చెప్పదు.

క్రిమి దాక్కునే చోట్లు చూద్దాం. బిడ్డ పుట్టగానే ఊపిరి అందించడానికి మొహం మీదికి వచ్చే అంబూ బ్యాగ్ మాస్క్. గొంతులో పెట్టే లారింగోస్కోప్ బ్లేడ్, స్పిరిట్ దూదితో తుడిచి మళ్లీ డబ్బాలో పెట్టేస్తే బల్బు దగ్గర తేమ అలాగే ఉంటుంది. సక్షన్ జార్. ఆక్సిజన్‌కు తేమ పట్టించే సీసాలో రోజుల తరబడి మార్చని నీళ్లు. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది విప్పి పెట్టిన డెక్స్‌ట్రోజ్ (చక్కెర ద్రావణం) సీసా. ఒక పెద్ద సీసాకు సూది గుచ్చి ఉంచి, అందులోంచే రోజంతా పదిమంది బిడ్డలకు మందులు కలపడం, లైన్లు ఫ్లష్ చేయడం. క్లెబ్సియెల్లా జాతి గది వేడిమిలోనే డెక్స్‌ట్రోజ్ ద్రావణంలో పెరుగుతుంది, ద్రవం రంగు కూడా మారకపోవచ్చు. అందుకే ఒక సీసా ఒక బిడ్డకే, విప్పిన 24 గంటల్లో పారేయాలి. తేమ సీసాలో స్టెరైల్ వాటర్ మాత్రమే పోసి రోజూ మార్చాలి. బ్లేడ్‌ను ముందు సబ్బునీటితో కడిగి, తర్వాత హై లెవల్ డిస్ఇన్ఫెక్షన్ చేసి, ఆరాకే మూసి పెట్టాలి. చేతులకు ఆల్కహాల్ రబ్ రాస్తే 20 నుంచి 30 సెకన్లు, అది ఆరేదాకా రుద్దాలి. ఒక స్టాఫ్ నర్సు ఎనిమిది మంది బిడ్డలను చూసుకునే చోట ఇదంతా జరగడం కష్టం. సెప్సిస్‌ను తగ్గించాలంటే కొత్త మందు కంటే ఇంకో ఇద్దరు నర్సుల పోస్టులు ఎక్కువ పని చేస్తాయని మా అభిప్రాయం.

లక్షణాలు పెద్దగా దారి చూపవు. ఊపిరి ఆగి ఆగి రావడం, గుండె వేగం పడిపోవడం, ఒళ్లు చల్లబడటం, రక్తంలో చక్కెర పెరగడమో తగ్గడమో, ఆక్సిజన్ ఎక్కువ అవసరం కావడం. ఇవన్నీ ఊపిరితిత్తులు పక్వం కాని ఏ బిడ్డలోనైనా ఉంటాయి. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా చూసే సర్ఫాక్టెంట్ లోపంతో వచ్చే శ్వాస ఇబ్బందికీ, గ్రూప్ బి స్ట్రెప్ న్యుమోనియాకూ ఎక్స్‌రే ఒకేలా ఉండొచ్చు. సర్ఫాక్టెంట్ ఇచ్చాక కొన్ని గంటల్లో కుదుటపడిన బిడ్డ కథ వేరు. ఇచ్చినా బీపీ పడిపోతూ, రంగు బూడిదబారుతున్న బిడ్డ కథ వేరు.

అందుకే బ్లడ్ కల్చర్ మీద అంతా ఆధారపడి ఉంటుంది, తప్పులు ఎక్కువ జరిగేదీ అక్కడే. మొదటి తప్పు తక్కువ రక్తం తీయడం. సీసాకు కనీసం 1 మి.లీ. కావాలి. 700 గ్రాముల బిడ్డ ఒంట్లో ఉండే రక్తమే సుమారు 60 మి.లీ. అందులో 1 మి.లీ. తీయాలంటే చెయ్యి వణకడం సహజం. ‘పాపం’ అని 0.3 మి.లీ. దగ్గర ఆపేస్తారు. కానీ మి.లీ. రక్తంలో బ్యాక్టీరియా మూడో నాలుగో మాత్రమే ఉన్నప్పుడు, 0.3 మి.లీ.లో ఒక్కటీ పడకపోవచ్చు. అప్పుడు రిపోర్టు ‘నో గ్రోత్’ అని వస్తుంది, దాన్ని ఎవరూ నమ్మరు, మందు ఏడు రోజులు నడుస్తుంది. మొదట్లో 0.7 మి.లీ. మిగిల్చిన జాలి చివరికి బిడ్డకే నష్టం.

రెండో తప్పు చర్మం మీద. 28 వారాల లోపు బిడ్డకు ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్ పూసి ఒళ్లు కింద చేరేలా వదిలేస్తే చర్మం కాలుతుంది. పోవిడోన్ అయోడిన్ వాడితే ఆరేదాకా ఆగి, పని అయ్యాక స్టెరైల్ నీటితో తుడిచేయాలి, లేకపోతే అయోడిన్ ఒంట్లోకి ఇంకి థైరాయిడ్‌ను దెబ్బతీస్తుంది. పూసిన వెంటనే సూది గుచ్చితే మందు పని చేయదు, చర్మం మీది స్టెఫైలోకాకస్ సీసాలో పడి అబద్ధపు పాజిటివ్ వస్తుంది. బొడ్డులో క్యాథెటర్ శుభ్రంగా వేసిన ఆ నిమిషంలోనే దానిలోంచి కల్చర్‌కు రక్తం తీయొచ్చు. కాసేపయ్యాక తీస్తే నమ్మకం తగ్గుతుంది. మాయ వైపు మిగిలిన బొడ్డుతాడు సిరను బాగా శుభ్రం చేసి తీసినా పనికొస్తుంది, బిడ్డ ఒంట్లోంచి ఒక్క చుక్క పోదు. కాకపోతే దీనికి చేయి తిరగాలి.

మూడోది వరుస తప్పడం: ముందు మందు, తర్వాత కల్చర్. చిన్న ఆస్పత్రిలో పుట్టి 108లో జిల్లా ఆస్పత్రి ఎస్‌ఎన్‌సీయూకి (నవజాత శిశువుల ప్రత్యేక విభాగానికి) వచ్చే బిడ్డల్లో ఇది తరచూ కనిపిస్తుంది. పంపే ముందు ఒక డోసు ఇవ్వడం మంచిదే. వీలుంటే అంతకుముందే 1 మి.లీ. రక్తం సీసాలో పోసి, గది వేడిమిలోనే, ఫ్రిజ్‌లో పెట్టకుండా, బిడ్డతో పంపితే ఆ తర్వాతి రెండు రోజుల నిర్ణయాలన్నీ తేలికవుతాయి.

ఇన్ఫెక్షన్ వస్తే రక్తంలో పెరిగే ప్రోటీన్ సీఆర్‌పీ. దాని మీద మనవాళ్లకు అతి నమ్మకం. ఇన్ఫెక్షన్ మొదలైన 6 నుంచి 12 గంటల తర్వాత గానీ అది పెరగదు. పుట్టగానే తీసిన సీఆర్‌పీ మామూలుగా ఉంటే దానికి అర్థం ఏమీ లేదు. పెరిగినా ఇన్ఫెక్షన్ ఒక్కటే కారణం కాదు. ఇలాంటిదే ఇంకోటి, ప్రోకాల్సిటోనిన్, మొదటి రెండు రోజుల్లో ఆరోగ్యంగా ఉన్న బిడ్డలోనూ పెరుగుతుంది. తల్లికి బీపీ ఉంటే బిడ్డలో న్యూట్రోఫిల్స్ తగ్గుతాయి, దాన్ని సెప్సిస్ అని పొరబడతారు. మన దేశంలో వాడే ‘సెప్సిస్ స్క్రీన్’లో తెల్లకణాలు 5,000 లోపు, న్యూట్రోఫిల్స్ తక్కువ, వాటిలో అపక్వ కణాల నిష్పత్తి 0.2 పైన, మైక్రో ఈఎస్ఆర్ (ఎర్రకణాలు కిందికి దిగే వేగం) గంటకు 15 మి.మీ. పైన, సీఆర్‌పీ లీటరుకు 10 మి.గ్రా. పైన ఉంటాయి. వీటిలో రెండు తేడాగా ఉంటే పాజిటివ్ అంటారు. అన్నీ మామూలుగా ఉన్నప్పుడు మందు ఆపడానికి ధైర్యం ఇవ్వడమే దీని అసలు ఉపయోగం. మందు మొదలుపెట్టడానికి ఇది బలహీనమైన సాక్షి.

మందుల దగ్గరికి వస్తే, పుస్తకాల్లోని మొదటి జత ఆంపిసిలిన్, జెంటామైసిన్. 26 వారాల, 700 గ్రాముల బిడ్డకు ఆంపిసిలిన్ కిలోకు 50 మి.గ్రా. చొప్పున 35 మి.గ్రా., 12 గంటలకోసారి. మెదడు పొరల వాపు (మెనింజైటిస్) అనుమానం ఉంటే మోతాదు ఇంకా పెరుగుతుంది. జెంటామైసిన్ కిలోకు 5 మి.గ్రా. చొప్పున 3.5 మి.గ్రా., అదీ 48 గంటలకోసారి. 30 వారాల లోపు బిడ్డ కిడ్నీ దాన్ని బయటకు పంపడానికి అంతసేపు పడుతుంది. రోజూ ఇస్తే మందు పేరుకుపోయి కిడ్నీకీ చెవికీ దెబ్బ. సిరంజిలోకి ఎంత ఎక్కించాలన్నది ఇంకో చిక్కు. పెద్దవాళ్ల జెంటామైసిన్ వయల్ మి.లీ.కి 40 మి.గ్రా. అందులో 3.5 మి.గ్రా. అంటే 0.0875 మి.లీ. ఆ కొలత ఏ సిరంజితోనూ సరిగా రాదు. సూది మొదట్లో నిలిచిపోయే మందే దాదాపు అంత ఉంటుంది. అందుకే పిల్లల వయల్, మి.లీ.కి 10 మి.గ్రా.ది వాడితే 0.35 మి.లీ. వస్తుంది. 500 మి.గ్రా. ఆంపిసిలిన్‌ను మొత్తం 5 మి.లీ. అయ్యేలా కలిపితే దాని వాటా కూడా 0.35 మి.లీ.నే. రెండు సిరంజిలూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి నింపిన వెంటనే పేరు చీటీ అంటించాలి. రెంటినీ ఒకే సిరంజిలో కలపకూడదు, ఆంపిసిలిన్ జెంటామైసిన్ బలాన్ని చంపేస్తుంది. మధ్యలో లైన్ ఫ్లష్ చేయాలి. సెఫ్ట్రియాక్సోన్ ఈ బిడ్డలకు వద్దు. అది బిలిరుబిన్‌ను ఆల్బుమిన్ నుంచి తప్పించి కామెర్ల ప్రమాదం పెంచుతుంది, కాల్షియం ఉన్న ద్రవాలతో కలిస్తే గడ్డలు కడుతుంది.

ఢిల్లీ లాంటి క్రిములున్న చోట ఈ జత చాలకపోవచ్చు. అందుకే మన ఎన్‌ఐసీయూల్లో చాలావరకు పిపెరాసిలిన్-టాజోబాక్టమ్‌కు అమికాసిన్ జతచేసి మొదలుపెడతారు. ఏది సరైనదో ఊరికో రకంగా ఉంటుంది. ఆ ఆస్పత్రిలో గత ఆరు నెలలు, ఏడాదిగా పెరిగిన క్రిములు ఏ మందుకు లొంగాయో రాసిపెట్టిన పట్టికే దాన్ని తేల్చాలి. ఆ పట్టిక లేని చోట మొదటి రోజే మెరోపెనెమ్ అందుకుంటారు. కొన్నాళ్లకు మెరోపెనెమ్‌కూ లొంగని క్లెబ్సియెల్లా అదే వార్డులో పాతుకుపోతుంది.

మొదలుపెట్టడం కంటే ఆపడం కష్టం. ఆటోమేటెడ్ యంత్రంలో పెట్టిన కల్చర్‌లో నిజమైన క్రిమి చాలావరకు 24 గంటల్లోపే, దాదాపు అన్నీ 36 నుంచి 48 గంటల్లోపు బయటపడతాయి. 1 మి.లీ. రక్తం తీసి, 48 గంటలకూ ఏమీ పెరగక, బిడ్డ నిలకడగా ఉంటే మందు ఆపేయాలి. ‘కల్చర్ నెగటివ్ సెప్సిస్’ అని పేరు పెట్టి వారం లాగడం అలవాటుగా మారింది. అమెరికా ఎన్‌ఐసీయూల నెట్‌వర్క్ 2009లో కిలో లోపు బిడ్డలపై ప్రచురించిన విశ్లేషణలో, కల్చర్ శుభ్రంగా ఉన్నా మొదటి యాంటీబయాటిక్ 5 రోజులు, అంతకు మించి సాగిన వాళ్లలో పేగు కుళ్లే జబ్బు ఎన్ఈసీ లేదా మరణం ఎక్కువగా కనిపించాయి. కల్చర్ పాజిటివ్ వస్తే లెక్క వేరు. వెన్నునీరు తీసి చూడాలి, ఒకటి రెండు రోజుల్లో కల్చర్ మళ్లీ పంపాలి, గ్రామ్ నెగటివ్ క్రిమి అయితే 10 నుంచి 14 రోజులు, మెదడు పొరలకు పాకితే 21 రోజులు చికిత్స.

కాన్పుకు ముందు చేయగలిగినవీ ఉన్నాయి. నెలలు నిండకుండా ఉమ్మనీరు పోయిన తల్లికి యాంటీబయాటిక్ ఇస్తే మేలు జరుగుతుంది. 2001లో వచ్చిన ఒరాకిల్ అధ్యయనం ఎరిత్రోమైసిన్‌ను సమర్థించింది, కో-అమాక్సిక్లావ్ ఇచ్చిన వాళ్ల బిడ్డల్లో ఎన్ఈసీ పెరిగింది. సంచి పగలకుండా కేవలం నొప్పులు వచ్చిన తల్లులకు ఇస్తే లాభం లేదు. ఆ పిల్లలను ఏడేళ్ల తర్వాత చూస్తే సెరిబ్రల్ పాల్సీ కొంత ఎక్కువగా ఉంది. ప్రసవ సమయంలో తల్లికి 2 గ్రాముల అజిత్రోమైసిన్ ఇచ్చి చూసిన పెద్ద అధ్యయనం 2023లో వెలువడింది. బెళగావి, నాగ్‌పూర్ ప్రాంతాల తల్లులూ అందులో ఉన్నారు. తల్లుల్లో సెప్సిస్ తగ్గింది, బిడ్డల్లో తగ్గలేదు. ఒక మాత్రతో ఈ సమస్య పోదని అప్పుడే తేలింది.

దానికంటే చవకైనది ఒకటి పని చేసింది. భారత్‌తో సహా ఐదు దేశాల్లో, 1 నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలను నిలకడ కోసం ఎదురుచూడకుండా, పుట్టిన వెంటనే తల్లి గుండెలకు కట్టి కంగారూ పద్ధతి మొదలుపెట్టారు. 2021 ఫలితాల ప్రకారం 28 రోజుల్లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి, సెప్సిస్ అనుమానం 27.8 నుంచి 22.9 శాతానికి తగ్గాయి. ఇందుకు తల్లి మంచం కూడా ఎన్‌ఐసీయూలోనే ఉండాలి. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి అలాగే ఏర్పాటు చేసింది. బిడ్డ ఒంటి మీద మొదట చేరేది తల్లి చర్మం మీది బ్యాక్టీరియా, కడుపులో పడేది ఆమె ముర్రుపాలు. బిడ్డను ముట్టుకునే చేతులూ తగ్గుతాయి. కిలో లోపు బిడ్డలు ఆ అధ్యయనంలో లేరు, కాబట్టి వాళ్లకు ఇదే లెక్క వర్తిస్తుందని అనలేం. అయినా తల్లిని గాజు తలుపు బయట కూర్చోబెట్టడానికి మన ఎన్‌ఐసీయూలు చెప్పే ‘ఇన్ఫెక్షన్ వస్తుంది’ అన్న కారణం మాత్రం ఈ అంకెల ముందు నిలబడదు.